గంజి పెట్టిన దయ్యాలు

మా ఎదురు ఫ్లాటులో ఉండే క్రాఫ్టు టీచరు గారు చనిపోయారు. ఆ సంగతి చెప్పడానికి తల్లి దగ్గర నాలుగు రోజులుందామని వచ్చిన వాళ్ళమ్మాయి పొద్దున్నే మా తలుపు కొట్టింది. గోడకు బెల్లు ఉంది. బెల్లు వదిలేసి అరచేత్తో తలుపు బాదుతున్నారంటేనే ఏదో జరిగిందని తెలిసింది. గడియ తీసేసరికి ఆ అమ్మాయి, "ఆంటీ, అమ్మ లేస్తలేదు," అంది. నేను వెళ్ళి చూశాను. నిద్రలోనే పోయారు. ముఖంలో బాధ లేదు. కుడిచెయ్యి మాత్రం దుప్పటి అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని ఉంది, కొట్లో గుడ్డ మందం చూసేవాళ్ళు పట్టుకున్నట్టు.

నేను లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు ఉద్యోగం నేర్పిన అలవాటు. పోయిన మనిషి గురించి రాసేటప్పుడు ఆ మనిషి మంచితనం గురించి రాస్తారు. ఆవిడ మంచిదే, అందులో అనుమానం లేదు. కానీ ఆవిడను తలుచుకోగానే నాకు ముందుగా కలిగేది భయం. మా స్నేహం భయంతోనే మొదలైంది. కనుక దాని గురించే రాస్తాను.

మేముండేది మణికొండలో. మా అబ్బాయీ కోడలూ ఇద్దరూ సాఫ్ట్‌వేరు ఉద్యోగులు. మనవరాలిని చూసుకోవడానికని మా వారూ నేనూ రాజమండ్రి నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. రెండేళ్ళ కిందట వానాకాలంలో మా వారు పోయారు. ఆయన కాఫీ గ్లాసు సింకులో పెట్టి వస్తూ వంటింటి గడప దగ్గరే కూలిపోయారు.

మా అపార్ట్‌మెంటులో ఒక పద్ధతి ఉంది. శవాన్ని లిఫ్టులో పైకి తీసుకురానివ్వరు. ఆసుపత్రి నుంచి వచ్చాక సెల్లారులోనే, కార్ల మధ్య కాస్త జాగా చేసి, అద్దాల ఫ్రీజర్ పెట్టెలో ఉంచుతారు. చూడవలసినవాళ్ళు అక్కడికే వచ్చి చూసి వెళతారు. మా వారినీ అలాగే ఉంచారు, తెల్లటి గుడ్డ గడ్డం దాకా కప్పి, ముక్కుల్లో దూది పెట్టి. స్కూలు వ్యాను సెల్లారులోకే వస్తుంది. ఐదేళ్ళ మా మనవరాలు వ్యాను దిగి, మెడలో నీళ్ళ సీసా వేలాడుతుండగా, తిన్నగా వచ్చి ఆ పెట్టె ముందు నిలబడింది.

ఏడవలేదు. ఏమైందని అడగలేదు. మర్నాటి నుంచి పిల్లకు తెల్లగుడ్డ అంటే భయం పట్టుకుంది. బాల్కనీలో ఆరేసిన దుప్పటి గాలికి లేస్తే చాలు, ఉన్నచోటే బిగుసుకుపోయేది. ఇంట్లో దుప్పట్లన్నీ మార్చి రంగువి వేశాం. కోడలి తెల్ల చున్నీలు అటకెక్కాయి. సెల్లారు పేరెత్తితే వణికేది. వ్యాను ఎక్కాలంటే సెల్లారుకు దిగాలి కదా, అందుకని స్కూలు మానేసింది. తాతయ్య అన్న మాట మాత్రం ఆ నోటి నుంచి రాలేదు. అంతకుముందు రోజుకు వంద ప్రశ్నలు వేసే పిల్ల, క్రమంగా మాటలే తగ్గించేసింది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయేది. డాక్టరు చూసి, సమయం పడుతుందన్నాడు. ఎంత సమయమని అడిగితే చెప్పలేకపోయాడు. ఈ పిల్ల ఇలాగే ఉండిపోతుందేమోనని నాకు లోపల దడ.

ఇంకో భయం ఎవరికీ చెప్పలేదు. పట్టపగలు, అబ్బాయీ కోడలూ ఆఫీసుకు వెళ్ళి, పిల్ల నిద్రపోయాక, ఇంట్లో మా వారి చప్పుడు వినిపించేది. బాత్రూములో గొంతు సవరించుకున్నట్టు, పేపరు మడిచినట్టు. యాభై ఏళ్ళు కలిసి బతికిన మనిషి. వచ్చినా నన్నేం చేస్తాడు? అయినా నేను హాల్లో గోడకు వీపు ఆనించి, ఎండలో కూర్చుని, చెమటలు కక్కేదాన్ని.

అలాంటి రోజుల్లో అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో హాలోవీన్ గురించి మెసేజ్ వచ్చింది. ఏటా అక్టోబరు చివర ఇక్కడి కుర్రజంటలు ఆ పండగ చేస్తారు. వెనకవైపు తోటలో దయ్యాల బొమ్మలు వేలాడదీసి, పిల్లలకు చాక్లెట్లు పంచుతారు. అంతకుముందు బొమ్మలు కొనుక్కొచ్చేవారట. ఆ ఏడు ఎదురింటి టీచరు గారు, కొనడం ఎందుకు, ఇంట్లో పాత సామానుతో నేనే చేస్తానని ముందుకొచ్చారట. "పాత తెల్ల బట్టలుంటే టీచరమ్మ గారి గుమ్మం ముందు పెట్టగలరు" అని ఉంది ఆ మెసేజ్‌లో.

తెల్ల బట్టలు! అది చదివి నాకు ఒళ్ళు మండింది. అప్పటిదాకా ఆవిడతో లిఫ్టు దగ్గర నమస్కారం తప్ప మాటల్లేవు. వెళ్ళి తలుపు కొట్టాను.

తెరిచే ఉంది. లోపల అడుగుపెట్టి, ఠారెత్తిపోయాను. హాలు నిండా తలల్లేని మనుషులు నిలబడి ఉన్నారు. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు ఒకదాని మీద ఒకటి బోర్లించి, పాలిథిన్ కవరు చుట్టి, భుజాల కోసం బట్టల హ్యాంగర్లు తగిలించారు. కొన్నిటికి తలల బదులు బెలూన్లు ఊగుతున్నాయి. వాటి మధ్య పీట మీద ఆవిడ, కళ్ళజోడు నెత్తి మీదకు తోసుకుని, బకెట్లో చెయ్యి పెట్టి తెల్లటి జావ కలుపుతున్నారు.

"రా ఒదినె, రా. జర గా క్యాను తప్పుకొని రా, పడ్తది."

నన్ను నువ్వు అన్నందుకు ఒకటి, వదినె అన్నందుకు ఒకటి, రెండు కోపాలు వచ్చాయి. "ఏం చేస్తున్నారండీ ఇది?" అన్నాను.

"గంజి. ఇగ మన బిల్డింగుల అందరినీ అడిగిన, గంజి ఉంటే ఇయ్యమని. ఒక్కళ్ళింట్ల గూడ వార్చుతలేరు. అంత కుక్కర్లే. ఒక పిల్లయితే, గంజి అంటే ఏ యాప్‌ల దొరుకుతది ఆంటీ అన్నది!" ఆవిడ నవ్వితే పీట కూడా కదిలేది. "లాస్టుకు మన గల్లీల మగపిల్లల హాస్టలు లేదా, గా వంటాయన ఇచ్చిండు. పెద్ద గుండిగెల వార్చుతడు. బకెట్టు నింపి ఇచ్చి, ఎవరికి జ్వరం అమ్మా అని పరేషాన్ అయిండు."

"దయ్యాలకని చెప్పారా?"

"చెప్పిన. గంజి తాగే దయ్యాలా, మా హాస్టలు పిల్లలే అయి ఉంటరు అన్నడు."

నవ్వు రాబోయి ఆగింది. నేను వచ్చిన పని చెప్పాను. పిల్ల సంగతి, సెల్లారు సంగతి, పెట్టె సంగతి. గొంతు పెంచే చెప్పాను. ఇవన్నీ తోటలో వేలాడదీస్తే కిటికీలోంచి కనబడతాయని, ఇంకా ఏం మిగిలిందని ఆ పసిదాన్ని బెదరగొడతారని అడిగాను. ఆవిడ చెయ్యి గంజిలోనే ఆగిపోయింది.

"నాకు తెల్వదు ఒదినె," అన్నారు చివరికి. "మీ ఆయన పోయిండని తెల్సు. బిడ్డ గిట్ల అయిందని తెల్వదు." కొంగుకు చెయ్యి తుడుచుకుని, "ఇయ్యి మీ కిటికీకి కనవడకుండ బాదం చెట్టు ఆవల కడ్త. సరేనా? ఇగ నీ సంగతి చెప్పు. నువ్వెందుకు గిట్ల వణుకుతున్నవ్?" అన్నారు.

నేను వణకడం లేదన్నాను. ఆవిడ బకెట్లోంచి తడిగుడ్డ తీసి ఒక కొస నా చేతికిచ్చారు. "జర పట్టుకో. రెండు చేతులు చాలుతలెవ్వు."

అలా మొదలైంది. మర్నాటి నుంచి పిల్ల నిద్రపోగానే, రెండిళ్ళ తలుపులూ తీసిపెట్టి, నేను ఎదురింట్లో కూర్చునేదాన్ని. సాయం చేయడానికని చెప్పుకున్నాను. నిజానికి మా హాల్లో ఆ మధ్యాహ్నాలు ఒంటరిగా ఉండలేక.

ఆవిడ పని చేసే తీరు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. గంజి సరిగ్గా ఉందో లేదో నాలుక కొసతో చూసేవారు. పల్చనైతే సగ్గుబియ్యం ఉడికించి కలిపేవారు. గుడ్డను ముంచి, పిండకుండా, వేళ్ళ మధ్య జారవిడిచి, బెలూను తల మీద కప్పి, మడతలు ఒక్కొక్కటీ నేలదాకా దువ్వినట్టు దించేవారు. డాబా మీద రెండు ఎండలు ఎండితే గుడ్డ అట్టలా బిగిసిపోతుంది. అప్పుడు సూదితో బెలూను పేల్చి, కింద నుంచి క్యాన్లు లాగేస్తే, గుడ్డ ఒక్కటే ఎవరో లోపల ఉన్నట్టు నిలబడుతుంది. కొరియరు పెట్టెల్లో వచ్చే థర్మాకోలు ముక్కలతో సమాధి రాళ్ళు చేశారు. కోడిగుడ్ల అట్టలు కత్తిరించి గబ్బిలాలు చేశారు. చినిగిన గొడుగు గుడ్డతో దయ్యాలకు కళ్ళు. ప్రభుత్వ బడిలో ఉన్నన్నాళ్ళూ డ్రాయింగు కాయితం కూడా సరిగ్గా ఇచ్చేవారు కాదట. పారేసేదాంట్లోంచి వస్తువు చూడడం అక్కడ అలవాటైందన్నారు. బాలానగర్‌లో భర్త పనిచేసిన కార్ఖానా నుంచి తెచ్చిన సన్న తీగ చుట్ట, ఆయన పోయిన ఇన్నేళ్ళకూ, ఇంకా వాడుతూనే ఉన్నారు.

ఆరిన ప్రతి దయ్యానికీ ఒక పదవి ఇచ్చేవారు. "గీయన మా హెడ్మాస్టరు. పొట్ట చూడు. గా వంకర మెడాయన ఇన్స్‌పెక్టరు, బడికి వచ్చిండంటె చాయ్ అడుగుడే." ఇంత హాస్యమాడే మనిషి, కళ్ళు కుట్టేటప్పుడు మాత్రం గొంతు తగ్గించేవారు. కళ్ళు అన్నిటికన్నా చివర పెట్టాలన్నది ఆవిడ నియమం. "కండ్లు పెట్టినంక అది మన చేతిల ఉండదు ఒదినె," అన్నారొకసారి. ఎండ నడినెత్తిన ఉంది, డాబా మీద మేమిద్దరమే ఉన్నాం. ఆ మాటకు నేను కాస్త ఎడంగా జరిగి కూర్చున్నాను.

ఆవిడకు ఊతపదం లాంటి మాట ఒకటుండేది: "ఆరనియ్యి." గుడ్డల గురించే కాదు. వాచ్‌మన్ మీద నేను కోప్పడితే, "ఆరనియ్యి ఒదినె." కూతురు లింగంపల్లి నుంచి ఫోన్ చేసి అత్తగారి మీద ఫిర్యాదు చేస్తే, "ఆరనియ్యి బిడ్డా, తడి మీద ముట్టకు." మా వారి చప్పుళ్ళ సంగతి నేను చెప్పింది ఆవిడ ఒక్కరికే. నవ్వలేదు. దేవుడి పటం పెట్టుకోమనలేదు. "నాకు గూడ వినవడేది. మూడేండ్లు," అన్నారు. "పోతుందా?" అన్నాను. "ఏమో. ఇప్పుడు వినవడ్తలేదని బాధైతది." అదేం జవాబని నాకు కోపం వచ్చింది. కానీ నాకు తప్ప ఇంకొకరికి కూడా అలా జరిగిందని తెలిశాక, మధ్యాహ్నాలు కొంచెం ఊపిరి ఆడింది.

ఇక ఆ సాయంకాలం సంగతి. దీపాలు పెట్టే వేళ, ఇంకా వెలుతురు పూర్తిగా పోలేదు. తోటలో దయ్యాలన్నీ కట్టడం అయిపోయిందని, చూడ్డానికి రమ్మని ఆవిడ కబురు పెట్టారు. ముందరోజు నాకు మోకాళ్ళ నొప్పి వచ్చి డాబా ఎక్కలేదు. చివరి నాలుగైదు బొమ్మలు ఆవిడ ఒక్కరే చేశారు. నేను లిఫ్టులో దిగి, సెల్లారు వైపు కాకుండా ముందు వాకిలి నుంచి చుట్టూ తిరిగి, బాదం చెట్టు వెనక్కు వెళ్ళాను.

గాలి ఉంది. హెడ్మాస్టరు ఊగుతున్నాడు. ఇన్స్‌పెక్టరు ఊగుతున్నాడు. వాటి వెనక, కొంచెం ఎడంగా, పొడుగాటిది ఒకటి నాకు వీపు పెట్టి వేలాడుతోంది. దాని కుడి భుజం ఎడమదాని కన్నా కిందికి ఉంది. మా వారికి కుడి భుజం అలాగే వాలి ఉండేది. ఎందుకలా అనిపించిందో, వెనక్కు తిరిగి వెళ్ళిపోదామనుకున్నాను. అప్పుడే గాలికి అది మెల్లగా తిరిగింది. దాని అంచున సన్నటి ముదురు ఎరుపు గీత. అంచు పక్కన, జానెడు పైన, రఫ్ఫు చేసిన చోటు. బాల్కనీ మేకుకు తగిలి చిరిగితే వంకరటింకరగా కుట్టిన కుట్టు. ఆ కుట్టు నాది.

అది మా వారి పంచె.

నేను అరవలేదు. నల్లటి కళ్ళతో, వాలిన భుజంతో, లోపల మనిషి ఉన్నంత నిండుగా, ఆ పంచె నాకేసి చూస్తూ నిలబడింది. దాని పాదాలు ఉండవలసిన చోట గడ్డి కనబడుతోంది. నేను చెట్టు మొదలు పట్టుకున్నాను.

జరిగింది ఇదీ. కర్మల తర్వాత ఆయన బట్టలన్నీ ఇచ్చేసి, రెండు పంచెలు మాత్రం బీరువా కింది అరలో దాచుకున్నాను. కోడలు బీరువా సర్దుతూ, పిల్ల కంటపడకుండా తెల్లబట్టలన్నీ ఇంట్లోంచి పంపెయ్యాలనే తొందరలో, వాటిని కూడా సంచిలో పెట్టి ఎదురింటి గుమ్మం ముందు వదిలేసింది. టీచరు గారికేమో అది మూడు నాలుగు ఇళ్ళ నుంచి వచ్చిన పాతబట్టల్లో ఒకటి. వంగిన హ్యాంగరు తగిలించడం వల్ల భుజం వాలింది. ఇదంతా తర్వాత తెలిసింది. ఆ క్షణాన నాకు తెలిసిందల్లా ఆయన వచ్చాడని.

"ఏంది ఒదినె, గట్ల నిలవడ్డవ్?" ఆవిడ దగ్గరకొచ్చారు. నేను వేలు చూపించాను. "ఆయనది," అన్నాను.

ఆవిడ పంచె వంక చూశారు, నా వంక చూశారు. ఎప్పుడూ నవ్వే ఆ ముఖం బూడిద రంగుకు తిరిగింది. "అయ్యో. నాకు తెల్వదు ఒదినె. నీ కాళ్ళు మొక్కుత, నాకు తెల్వదు. ఇప్పుడే దించుత," అంటూ దారం ముడి వెతకడం మొదలుపెట్టారు. గోళ్ళతో లాగినా ముడి ఊడలేదు.

అంతలో వెనక కోడలి గొంతు. "ఊరికే దూరం నుంచే చూపిచ్చి తీసకపోతానులే అత్తమ్మా, పిల్లలంతా ఇక్కడే ఉండారు..." మనవరాలిని చంకనెత్తుకుని ముందు వాకిలి నుంచి తీసుకొచ్చింది. వద్దని నేను పొద్దున్నే చెప్పాను. కాస్త పిల్లల నవ్వులు వింటే మారుతుందేమోనని దాని ఆశ. పిల్ల తల్లి మెడలో ముఖం దాచుకుని ఉంది. ఒక్కసారి తల ఎత్తింది.

"తాతయ్య పంచె," అంది.

రెండు నెలల తర్వాత ఆ మాట విన్నాను. కోడలు అప్పుడు చూసింది. చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "దేవుడా, నేను చూసుకోలేదత్తమ్మా," అంటూ నేల మీద చతికిలబడింది. పిల్ల దాని ఒళ్ళోంచి జారి నిలబడింది. ముందుకు నడవలేదు, వెనక్కు పారిపోలేదు. చేతులు రెండూ పిడికిళ్ళు బిగించి ఉన్నాయి.

"తాతయ్య లోపలున్నాడా?"

నేను వెళ్ళి పిల్లను ఎత్తుకుని పరుగెత్తాలనుకున్నాను. ఉన్నాడంటే ఏమవుతుంది, లేడంటే ఏమవుతుంది? ఏ మాట అన్నా ఇంకా మిగిలి ఉన్న ఆ కాస్త పిల్ల కూడా మూసుకుపోతుందని భయం.

టీచరు గారు గడ్డిలో గొంతుక్కూర్చున్నారు. పంచె కింది అంచును రెండు వేళ్ళతో పట్టుకున్నారు. పైకి ఎత్తలేదు. "నేను పట్టుకుంట బిడ్డా. చూడాల్నంటే చూడు. వద్దంటే వద్దు. నీ ఇష్టం," అన్నారు.

"వద్దండీ," అన్నాను నేను.

పిల్ల వచ్చింది. వంగింది. తల లోపల పెట్టింది. తర్వాత భుజాలు, నడుము కూడా లోపలికి వెళ్ళిపోయాయి. పంచె కింద నుంచి నీలంరంగు చెప్పులు వేసుకున్న రెండు చిన్న పాదాలు కనబడుతున్నాయి. అంతకన్నా భయంకరమైన దృశ్యం నా జీవితంలో చూడలేదు. మా వారి పంచెకు మా మనవరాలి కాళ్ళు.

లోపల నుంచి గొంతు వినిపించింది. "ఎవ్వరూ లేరు."

నీలం చెప్పులు అక్కడక్కడే ఒక చుట్టు తిరిగాయి. "ఖాళీగా ఉంది నానమ్మా." ఆ తర్వాత పంచె అదరడం మొదలైంది. ముందు గాలికనుకున్నాను. గాలి ఆగి ఉంది. పిల్ల లోపల ఏడుస్తోంది. ఆ పెట్టె ముందు ఏడవని ఏడుపు, రెండు నెలలు లోపల దాచుకున్న ఏడుపు, పెద్దగా, ఎక్కిళ్ళతో. గంజి బిగిసిన గుడ్డ ఆ ఏడుపుకు డోలు చర్మంలా అదిరింది. నేను లాగబోతే టీచరు గారు నా మణికట్టు పట్టుకుని, "ఏడ్వనియ్యి," అన్నారు. ఆవిడ కళ్ళ వెంట కూడా నీళ్ళు కారుతున్నాయి.

బయటికొచ్చాక పిల్ల నన్ను కాదు, ఆవిడను అడిగింది. "మరి తాతయ్య ఎక్కడున్నాడు?"

నేనైతే దేవుడి దగ్గరని చెప్పేదాన్ని, నక్షత్రమయ్యాడని చెప్పేదాన్ని. ఆవిడ ముక్కు చీదుకుని, కొంగుతో తుడుచుకుని, "నాకు తెల్వదు బిడ్డా," అన్నారు. "గీడ మాత్రం లేడు."

పిల్ల ఆ జవాబుకు తల ఊపింది. ఎంతోమంది ఎన్నో చెప్పారు ఆ పిల్లకు. నమ్మింది ఆ ఒక్క మాట అనుకుంటాను.

అన్నీ ఆ రోజుతో నయమైపోయాయని రాస్తే అబద్ధమవుతుంది. ఆ వారమంతా పిల్ల తాతయ్య కోసం ఏడ్చింది, అన్నం దగ్గర, స్నానం దగ్గర. మేమూ దాంతో కలిసి ఏడ్చాం. సెల్లారుకు దిగడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. మొదట ఆవిడ చెయ్యి పట్టుకుని, తర్వాత నా చెయ్యి పట్టుకుని వ్యాను ఎక్కింది. ఆ పంచెను ఏం చేయమంటావని టీచరు గారు అడిగితే, ఉండనివ్వండి అన్నాను. నవంబరు మొదట్లో వాయుగుండం వాన పట్టుకుంది. నేను గొడుగు వేసుకుని వెళ్ళి చూశాను. గంజి కరిగి తెల్లగా గడ్డిలోకి కారుతోంది. భుజాలు కుంగాయి, తల వంగింది, మనిషి ఆకారం కొంచెం కొంచెంగా జారిపోయింది. సాయంత్రానికి కొమ్మకు ఒక తడి పంచె వేలాడుతోంది, అంతే. ఆవిడ దాన్ని ఉతికి, ఆరేసి, మడిచి తెచ్చి ఇచ్చారు. కళ్ళు ఊడదీసిన చోట చిన్న చిన్న దారపు కన్నాలున్నాయి.

ఆ తర్వాత రెండేళ్ళు ఆవిడ మా ఇంటి మనిషే. కూరలు తరిగేటప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నేను ఒకే కొలతలో తరుగుతానని వెక్కిరించేవారు. "బెండకాయకు గూడ స్కేలు వెడ్తవా ఒదినె?" చాయ్ సాసరులో పోసుకుని తాగడం నాకు నచ్చదని తెలిసి, నా ముందు మరీ జుర్రుమని చప్పుడు చేసేవారు. మనవరాలికి సూదీ దారం పట్టుకోవడం నేర్పారు. పోయినేడు హెడ్మాస్టరుకు కొత్త పొట్ట చేసింది ఆ పిల్లే.

ఈ వేసవి నుంచి ఆవిడకు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. గుండె నీరసపడిందన్నారు డాక్టర్లు. నాకు మళ్ళీ పాత భయం పట్టుకుంది. పొద్దున లేవగానే ఎదురు తలుపు ముందు పాలప్యాకెట్టు లోపలికి వెళ్ళిందో లేదో చూసేదాన్ని. వెళ్ళకపోతే బెల్లు నొక్కి, ఏదో వంక చెప్పేదాన్ని. "బతికే ఉన్న పో," అనేవారు లోపల నుంచే.

ఆవిడ పోయిన రోజు ఆవిడను కూడా కిందికి దించి సెల్లారులోనే ఉంచారు. పద్ధతి పద్ధతే. అదే చోటు, అలాంటిదే పెట్టె. గడ్డం దాకా తెల్లగుడ్డ. మనవరాలిని పొద్దున ఏమీ చెప్పకుండానే స్కూలుకు పంపేశాం. మధ్యాహ్నం అవుతున్న కొద్దీ గడియారం చూడడం ఎక్కువైంది. ఏడేళ్ళది ఇప్పుడు, కానీ ఏడేళ్ళు ఎంతని? మళ్ళీ మాటలు ఆగిపోతే? ఈసారి గడ్డిలో గొంతుక్కూర్చుని సమాధానం చెప్పే మనిషి ఆ పెట్టెలోనే ఉంది. వ్యాను లోపలికి రాకముందే గేటు దగ్గర ఆపించాను. పిల్ల దిగి నా ముఖం చూసింది.

"ఎవరు నానమ్మా?" అంది.

చెప్పాను. లిఫ్టు దగ్గరికి ముందు వాకిలి నుంచి వెళదాం రమ్మన్నాను. పిల్ల సంచీ నా చేతికిచ్చింది. సెల్లారు వాలులోకి నడిచింది. నేను వెనకే వెళ్ళాను. భయపడుతూనే వెళ్ళాను, దాచడం దేనికి.

బయట వాన పడి వెలిసింది. సెల్లారులో ఉక్కపోత. లోపలి చలికి పెట్టె అద్దం మీద బయటంతా మంచు పట్టింది. ఆవిడ ముఖం కనబడడం లేదు. చుట్టూ నిలబడ్డ పెద్దవాళ్ళందరూ తెల్లబారిన ఆ అద్దం వంకే చూస్తూ నమస్కారాలు పెట్టి వెళుతున్నారు. ఎవరికీ దాన్ని ముట్టుకునే ధైర్యం లేదు. నాకూ లేదు.

మనవరాలు పెట్టె దగ్గరికి వెళ్ళి, మునివేళ్ళ మీద లేచి, యూనిఫారానికి పిన్నుతో గుచ్చిన చేతి రుమాలు తీసింది. అద్దాన్ని గుండ్రంగా తుడిచింది, ముఖమంత మేర. లోపల టీచరు గారు కనిపించారు. పిల్ల చూస్తూ నిలబడింది. అంచుల నుంచి మంచు మళ్ళీ కమ్ముకుని రాగానే మళ్ళీ తుడిచింది. రుమాలు తడిసిపోతే అరచేత్తో తుడిచింది. అంబులెన్సు వచ్చేదాకా అలా తుడుస్తూనే ఉంది.